కరువుకు అలవాటు పడిన ఒళ్లు

అనంతపురం జిల్లా గురించి రాసేవాళ్లు, మాట్లాడేవాళ్లు ఎక్కడో ఒకచోట ఈ మాట అనకుండా ఉండరు: ఇక్కడి జనం కరువుకు అలవాటు పడిపోయారు. మెచ్చుకోలుగానే అంటారు. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అడ్డుకోగా మిగిలిన తడితో, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో, ఎర్ర గరప నేలలో చెనక్కాయ పండించి బతుకుతున్నారంటే ఎంత ఓర్పు, ఎంత గుండె నిబ్బరం అని వాళ్ల ఉద్దేశం. ఆ ఓర్పు మీద నాకూ గౌరవం ఉంది. అయితే చాలాకాలంగా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఓర్చుకోవడానికి కూడా సత్తువ కావాలి కదా, ఆ సత్తువ ఎక్కడినుంచి వస్తోంది? ఒక మనిషి ఏళ్ల తరబడి మబ్బు వంక చూస్తూ, అప్పు పత్రం తిరగరాస్తూ, ఎండిన బోరు పక్కనే ఇంకో బోరు వేయిస్తూ నిలబడ్డాడంటే, ఆ నిలబడటానికి అయిన ఖర్చు ఎవరి పద్దులో పడుతోంది?

దీనికి జవాబు కోసం తత్వగ్రంథాల కంటే ముందు అన్నం కంచం దగ్గరికి వెళ్లడం మంచిదనిపిస్తుంది.

ఆగస్టు నెల. ముంగారు పదునుకు విత్తనం పడింది, మొలక బాగా లేచింది, పూత కూడా వచ్చింది. చెనక్కాయకు పూత రాగానే సరిపోదు. పూవు రాలాక సన్నటి ఊడ బయల్దేరి నేలలోకి దిగాలి, దిగితేనే కాయ. వాన ముఖం చాటేసి నేల బిగుసుకుపోతే ఊడ పైనే వాడిపోతుంది. పెట్టుబడంతా భూమిలో పెట్టేశాక, చేతిలో ఏమీ లేని వేళ, ఈ పంట రైతును నిలబెట్టి అడిగే ప్రశ్న ఇది. అలాంటి రోజుల్లో ధర్మవరం వైపు ఒక ఊళ్లో రాత్రి భోజనానికి కూర్చున్నాను. రాగి సంగటి, పప్పు, ఊరుబిండి. ఇంటాయనకు నలభై దాటి ఉంటాయి. ముద్ద విరిచాడు, ఊరుబిండిలో అద్దుకున్నాడు, మింగాడు. రెండో ముద్ద విరిచి చాలాసేపు వేళ్ల మధ్యే తిప్పుతూ కూర్చున్నాడు. వాళ్లమ్మ గడప పక్క నుంచి చూస్తోంది.

“ఇంగొక్క ముద్ద తిను నాయనా. పొద్దున్నుంచి టీ నీళ్ల మీదే ఉండావు.”

“వద్దులే మా. సయించల్యా.”

చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. పొద్దున ఆమె నాతో అన్న మాట ఇంకా విచిత్రమైంది: “రాత్రి ముద్ద దిగదంటాడు, మళ్ల నడిజామున లేసి సట్టి ఊడ్చినట్టు తింటాడు. మిగిలిన అన్నము, బెల్లము, ఏముంటే అది. నేను నిద్దర పోయినట్టే పండుకుంటా.”

ఒకే మనిషి, ఒకే రాత్రి. మొదట ఆకలి చచ్చిపోవడం, తర్వాత ఆబగా తినడం. ఊళ్లో దీనికి మనేద అని పేరు పెడతారు. పట్నంలో అయితే క్రమశిక్షణ లేదంటారు. ఒంటి లోపల మాత్రం ఈ రెండూ ఒకే వరసలో జరిగే పనులు.

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న చోటు ఉంది. ఆకలి, దాహం, ఒంటి వేడి అక్కడే కుదురుతాయి. ముప్పు కబురు కూడా అక్కడికే చేరుతుంది. ఆకలీ భయమూ ఒకే ఇంట్లో కాపురం ఉంటాయన్నమాట. ముప్పు అనిపించగానే అక్కడినుంచి సీఆర్‌హెచ్ అనే హార్మోను బయల్దేరుతుంది. అమెరికాలో వైలీ వేల్ బృందం దాన్ని 1981లో విడదీసి గుర్తించింది. అది కింద ఉన్న పీయూష గ్రంథిని తడుతుంది, పీయూష గ్రంథి రక్తంలోకి ఏసీటీహెచ్ వదులుతుంది, దాని మాట విని మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ చేస్తాయి. ఇందులో మొదటి అడుగు వేసే సీఆర్‌హెచ్‌కే ఆకలిని అణిచేసే గుణం ఉంది. దానికి తోడు అడ్రినలిన్ రక్తాన్ని జీర్ణాశయం నుంచి కండరాలవైపు మళ్లిస్తుంది. భయంలో కడుపు పనిచేయడం మానేస్తుందని వాల్టర్ కానన్ 1915లోనే పుస్తకం రాసి చూపించాడు. ముద్ద గొంతు దిగకపోవడం ఇదీ.

కార్టిసాల్ నెమ్మది మీద వచ్చేది, వచ్చాక త్వరగా పోనిది. ఖర్చయిన బలం తిరిగి పోగెయ్యమని అది పోరుతుంది. ఆకలి లేపుతుంది, అందులోనూ తీపి మీదికీ కొవ్వు మీదికీ మనసు పోయేలా చేస్తుంది. అదే సమయంలో కండలోని మాంసకృత్తులను కరిగించి కాలేయానికి అందిస్తుంది, కాలేయం వాటితో గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఆ గ్లూకోజ్‌ను లోపలికి తీసుకోమని ఇన్సులిన్ చెప్పే మాటను కండరాలు సరిగా వినకుండా చేస్తుంది. మెదడుకు తిండి తగ్గకూడదు, మిగతా ఒళ్లు తర్వాత చూసుకోవచ్చు అన్నదే ఇందులోని తర్కం. నడిజాము బెల్లం ముక్క వెనక ఇదంతా ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది. మేరీ డాల్మన్ బృందం 2003లో ఎలుకల మీది పరిశోధనల ఆధారంగా, తీపీ కొవ్వూ ఉన్న తిండి ఈ అలజడిని కొంత అణుస్తుందని ప్రతిపాదించింది. అంటే ఆ మనిషి చీకట్లో చేస్తున్నది తిండిపోతుతనం అనుకోవడానికి లేదు. తనకు అందుబాటులో ఉన్న ఒకే ఒక్క ఉపశమనం ఒళ్లు వెతుక్కుంటోంది. అందరిలోనూ ఇది ఒకే తీరుగా ఉండదు. మనేదతో కొందరు చిక్కి సగమైపోతారు, కొందరికి పొట్ట పెరుగుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు రకాలుగా జరగవచ్చు.

కల్యాణదుర్గం గుట్టల్లో ఎలుగుబంటి ఎదురైనప్పుడు ఈ ఏర్పాటు మనిషిని కాపాడుతుంది. పావుగంటలో పరుగో, పోరాటమో అయిపోతుంది, హార్మోన్లు దిగిపోతాయి, ఆకలి వేస్తుంది, తింటాడు. చెనక్కాయ రైతుకు ఎదురైన ముప్పు జూన్‌లో వచ్చి నవంబరు దాకా గడప దాటదు, వడ్డీగా మారితే ఏళ్లూ పూళ్లూ ఉంటుంది. దాంతో కొట్లాడలేడు, దానినుంచి పరుగెత్తలేడు. బెంగళూరుకు వలసపోయినా అప్పు ఫోన్లో వెంట వస్తుంది.

వాన రైతు ఒంట్లో కనబడుతుందా అని కెన్యాలో యోహానెస్ హౌస్‌హోఫర్, అతని సహచరులు చూశారు. వాన తక్కువ పడిన తర్వాత రైతుల లాలాజలంలో కార్టిసాల్ ఎక్కువగా ఉందనీ, సేద్యం తప్ప వేరే ఆధారం లేనివాళ్లలో అది మరింత స్పష్టంగా ఉందనీ 2013లో చెప్పారు. అనంతపురంలో అడిగినా రైతులు ఇదే చెబుతారు, లాలాజలం పరీక్ష లేకుండానే. అయినా నాకు ఆ కొలత విలువైనదనిపించింది. మేఘం, నేల, మనిషి ఒళ్లు అని మనం విడివిడిగా రాసుకునే మూడింటికీ మధ్య నిజానికి గోడ లేదని అది చూపిస్తుంది. ఆకలి నాది అనుకుంటాం. కానీ అందులో ఎంత నాది, ఎంత వానది, ఎంత వడ్డీది, ఎంత కాయ ధరది?

ఇక్కడినుంచి హైదరాబాద్ వెళ్లాలి. నా ప్రశ్నకు అన్నిటికంటే కఠినమైన జవాబు అక్కడే దొరికింది.

కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు మారిన పోషకాహార ప్రయోగశాల, ఇవాళ మనం జాతీయ పోషకాహార సంస్థ అంటున్నది, 1960లలో తీవ్రమైన పోషణ లోపంతో వచ్చే పిల్లలను చూసేది. వాళ్లు రెండు రకాలుగా ఉండేవారు. ఒకరు ఎముకల మీద చర్మం కప్పినట్టు ఎండిపోయినవాళ్లు, ముఖం ముసలిదైపోయినవాళ్లు. ఆ స్థితి పేరు మరాస్మస్. రెండోరకం పిల్లలకు కాళ్లూ ముఖమూ నీరుపట్టి ఉబ్బి ఉంటాయి, జుట్టు రంగు మారుతుంది, కాలేయం కొవ్వుతో నిండుతుంది. అది క్వాషియార్కర్. ప్రొటీన్ తక్కువైతే ఉబ్బుతారు, మొత్తం తిండే తక్కువైతే ఎండుతారు అని ప్రపంచమంతా అనుకుంటున్న కాలమది. అక్కడి శాస్త్రవేత్త సి. గోపాలన్ ఈ పిల్లల తిండిని పరిశీలిస్తే రెండు రకాలవాళ్లూ తింటున్నది దాదాపు ఒకే తిండి. ఒకే పేదరికం, ఒకే రకం కూడు. మరి ఒళ్లెందుకు రెండు దారులు పట్టింది?

కమలా జయరావు, శ్రీకంఠయ్య, గోపాలన్ కలిసి ఆ పిల్లల రక్తంలో కార్టిసాల్ కొలిచి 1968లో ప్రచురించారు. రెండు రకాల పిల్లల్లోనూ కార్టిసాల్ మామూలు కంటే ఎక్కువగా ఉంది. ఎండిపోయిన పిల్లల్లో ఇంకా ఎక్కువగా ఉంది. గోపాలన్ దీన్ని ఇలా అర్థం చేసుకున్నారు: మరాస్మస్ పిల్లవాడి ఒళ్లు కరువుకు సర్దుకుంది. కార్టిసాల్ గట్టిగా పనిచేసి కండను కరిగించింది, ఆ సరుకుతో కాలేయం తన పని తాను చేసుకుపోయింది, రక్తంలో ఉండవలసిన ప్రొటీన్ పూర్తిగా పడిపోలేదు, అందుకే ఉబ్బు రాలేదు. ఉబ్బిన పిల్లవాడిలో ఆ సర్దుబాటు విఫలమైంది. కమలా జయరావు 1974లో ఈ వాదాన్ని హార్మోన్ల దిక్కునుంచి మరింత ముందుకు తీసుకెళ్లారు. క్వాషియార్కర్ కారణాల మీద ఆ తర్వాత ఇంకా చాలా వాదాలు వచ్చాయి, చర్చ ముగియలేదు. ఆ కొలతలు మాత్రం తెలుగునేల మీద ఆకలి గురించి జరిగిన అతి ముఖ్యమైన పనుల్లో ఒకటి అని నా నమ్మకం. మన బడిపుస్తకాల్లో కమలా జయరావు పేరు ఉండాల్సింది.

ఆ వాదంలో ఒక్క విషయం దగ్గర నేను ఆగిపోతాను. విజయవంతంగా సర్దుకున్న పిల్లవాడు ఎవరు? ఆ ఎముకల గూడు. పక్కటెముకలు లెక్కపెట్టడానికి వీలుగా, పిరుదుల కండ కూడా కరిగిపోయి చర్మం వేలాడుతూ ఉన్న పిల్లవాడు. శరీరశాస్త్రం ప్రకారం అతని ఒళ్లు తన బాధ్యత చక్కగా నెరవేర్చింది. కరువొస్తే సేద్యగాడు ముందు గొడ్లను అమ్ముతాడు, ఆ డబ్బుతో ఇంటిల్లిపాదీ ఆ ఏడు గడుస్తారు, మళ్లీ ముంగారు వచ్చేసరికి గొర్రు కట్టడానికి ఎద్దులుండవు. ఒళ్లు చేసేదీ అంతే. కండ అమ్మి మెదడుకు తిండి పెడుతుంది. గడిచిపోయిందన్నది నిజమే. దాన్ని అలవాటు అనడం మాత్రం న్యాయమేనా?

ఈ నేలలో మనిషి కరువుకు సర్దుకుంటాడనే లెక్క వేసినవాళ్లు ఇంతకుముందూ ఉన్నారు. 1876లో మొదలైన ధాత కరువులో మద్రాసు రాజధాని అల్లాడుతుంటే రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చాడు. ఖర్చు తగ్గించడం అతని పని. కరువు పనికి వచ్చినవాడికి రోజుకు 1 పౌండు ధాన్యం, దాని మీద కొంచెం డబ్బు చాలునని తేల్చాడు. రాళ్లు కొట్టి, మట్టి మోసి బతకాల్సిన మనిషికి ఆ కొలత చావు కొలతేనని మద్రాసు పారిశుధ్య కమిషనర్ కార్నిష్ పట్టుబట్టి వాదించాడు. 1877లో కొన్ని నెలలు గడిచాక సర్కారు దాన్ని పెంచక తప్పలేదు. అప్పటికి అనంతపురం ఇంకా జిల్లా కాలేదు, 1882 దాకా బళ్లారిలో భాగం. బళ్లారి ఆ కరువులో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. టెంపుల్ కూడా మనిషి తట్టుకుంటాడనే లెక్క మీదే అంకె వేశాడు. మనిషి ఎంత తక్కువతో బతకగలడు అనే ప్రశ్న అడిగినవాడికి ఒళ్లు ఎప్పుడూ ఏదో ఒక జవాబు చెబుతుంది. తనను తాను తింటూ చెబుతుంది. ఆ జవాబును చూసి అసలు ప్రశ్నే తప్పని గ్రహించడానికి ఒక కార్నిష్ కావాలి.

ఇవాళ ఆకలి చావుల భయం చాలావరకు తీరింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక ప్రతి ఇంటికీ తెల్లన్నం చేరింది. దాన్ని ఎవరు తక్కువ చేసినా నేను ఒప్పుకోను. కడుపు మాడ్చుకున్న తరాలకు అది ఎంత ఊరటో తిన్నవాళ్లకు తెలుసు. అయితే కొర్ర, జొన్న, రాగి తగ్గుతూ వచ్చిన కంచంలోకి త్వరగా గ్లూకోజ్‌గా మారే బియ్యం వచ్చింది, ఆదుర్దా ఎప్పటిలాగే ఉంది. బస్టాండు పక్క టీ కొట్టు దగ్గర పొద్దున్నే చూడండి. ఇంట్లో ఏమీ తినకుండా వచ్చిన రైతు గ్లాసు అడుగున చక్కెర కరగకుండా నిలిచిన టీ తాగుతాడు, గంటకు మళ్లీ ఇంకొకటి. బక్కగా ఉంటాడు, అయినా చిట్టీలో షుగరు అంకె పెద్దగా ఉంటుంది. డాక్టరు రెండు మందులు రాసి, వేళకు తినమని, టెన్షన్ పెట్టుకోవద్దని చెబుతాడు. డాక్టరును తప్పుపట్టలేను, అతని చేతిలో ఉన్నదే రాశాడు. కానీ టెన్షన్ పెట్టుకోవద్దు అనే ఆ సలహా నాకు చాలా బాధ కలిగిస్తుంది. పంట బీమా ఎప్పుడు వస్తుందో తెలియని మనిషికి అది ఎవరు ఇవ్వగల సలహా? ఆ మనిషి టెన్షన్‌ను పెట్టుకున్నాడా, అతనికి పెట్టారా?

అనిశ్చితి సంగతి మీద ఒక పాత ప్రయోగం ఉంది. జే వైస్ అనే శాస్త్రవేత్త 1960ల చివర ఎలుకలకు విద్యుత్ షాకులిచ్చాడు. షాకు అన్నిటికీ ఒకటే. కొన్నిటికి మాత్రం షాకుకు ముందు సంకేతం వినిపించేది. సంకేతం విన్న ఎలుకల కడుపులో పుండ్లు తక్కువ, ఎప్పుడొస్తుందో తెలియని వాటిలో ఎక్కువ. దెబ్బకంటే దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలియకపోవడం ఒంటిని ఎక్కువ కొరికేసింది. దీన్ని చదివినప్పటినుంచి అనంతపురం రైతు అనిశ్చితులను రెండుగా విడదీసి చూడటం మొదలుపెట్టాను. వాన ఎప్పుడో తెలియకపోవడం ఒకటి, దాని మీద ఎవరి పెత్తనమూ లేదు. బీమా ఎప్పుడు, పరిహారం ఎప్పుడు, విత్తనకాయ ఏ వారం ఇస్తారు, బ్యాంకు రెన్యువల్ చేస్తుందా అన్నవి తెలియకపోవడం ఇంకొకటి. ఈ రెండోది మనుషులు చేసింది. ఒంటికి ఈ తేడా తెలియదు, రెండిటికీ అదే కార్టిసాల్ తీస్తుంది. తేడా తెలియాల్సింది మనకు.

ఇదంతా విని ఒక మిత్రుడు అన్నాడు: మనిషి దుఃఖాన్ని నాలుగు రసాయనాలకు కుదిస్తున్నావు, రేపు వాన బదులు మాత్ర ఇస్తారు. ఆ భయం నాకూ ఉంది. పురుగుమందు డబ్బా తాగిన మనిషి కథను “డిప్రెషన్” అని ఒక్కమాటలో ముగించి అప్పు సంగతి వదిలేయడం ఇప్పటికే చూస్తున్నాం. అయినా శాస్త్రం చెప్పినదాన్ని చివరిదాకా వింటే అది దుఃఖాన్ని చిన్నది చేయదు. కండ కరిగిందంటే అప్పు ఎంత నిజమో కార్టిసాల్ సాక్ష్యం చెబుతోంది. మాత్ర అవసరమైనవాళ్లకు మాత్ర ఇవ్వాల్సిందే. సాక్షి నోరు నొక్కడానికి దాన్ని వాడకూడదంటున్నాను.

మాత్రకూ మాటకూ ముందు ఏమివ్వాలో చెప్పే ఆళవి అనే ఊరి కథ ఒకటి ధమ్మపదం వ్యాఖ్యల్లో ఉంది. బుద్ధుడు బోధ చేయడానికి అక్కడికి వెళ్లాడు. ఆ ఊరి పేద రైతు ఒకడు వినాలని ఆశపడ్డాడు గానీ ఆ పొద్దునే అతని ఎద్దు తప్పిపోయింది. వెతికి వెతికి, దొరికాక కట్టేసి, ఆకలితో సోలుతూ వచ్చాడు. ఊరి పెద్దలంతా కూర్చుని ఉన్నా బుద్ధుడు అప్పటిదాకా నోరు విప్పలేదు. రైతు రాగానే ముందు ఇతనికి అన్నం పెట్టమన్నాడు, తిన్నాకే ధర్మం చెప్పాడు. భిక్షువులు దీని మీద సణిగారట. ఎద్దు కోసం తిరిగినవాడి మనసు మాటను పట్టుకోలేదని ఆయనకు తెలుసు. ఓర్పు గురించి ఆ రైతుకు నాలుగు మంచి మాటలు చెప్పడం సులువైన పని, ఆయన ఆ పని చేయలేదు.

అన్నం పెడితే ఏమవుతుందో మన దగ్గరే కొలిచి చూశారు. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో దాదాపు సగం ఊళ్ల గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు తిండి అందింది. మిగిలిన ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. పదిహేనేళ్ల తర్వాత ఆ పిల్లలను వెతికి పరీక్షిస్తే, తిండి అందిన ఊళ్ల పిల్లల్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. 2008లో ఆ ఫలితం అచ్చయింది. అది పెద్ద విందేమీ కాదు, తల్లి కడుపుతో ఉన్నప్పుడు రోజూ పడిన కాస్త తిండి. ఆ తల్లులు ఇంట్లో అందరికంటే ఆఖరున తినేవాళ్లు. ధర్మవరం ఇంట్లో గడప పక్కన కూర్చున్న ఆ పెద్దావిడ తాను తిన్నదో లేదో నేను అడగలేదు, ఎవరూ అడగరు. మగవాడి అప్పు వార్త అవుతుంది, ఆడదాని ఆకలి ఇంటి పద్ధతిలో కలిసిపోతుంది.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. ఏడాదికి 100 రోజుల పని హక్కుగా. పని కావాలని అడిగే హక్కు, కూలీ ఎప్పుడొస్తుందో తెలిసే హక్కు కరువు సీమకు అప్పుడే మొదటిసారి కాగితం మీదికి వచ్చాయి. గడ్డపార పట్టినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువగా ఉండేవాళ్లు. కూలీ 15 రోజుల్లో ఇవ్వాలని రాశారు. ఆలస్యమైతే 16వ రోజునుంచి రోజుకు 0.05 శాతం చొప్పున పరిహారం కట్టాలని తర్వాత నిబంధనల్లో చేర్చారు. అంటే ఎదురుచూపు ఒక నష్టమని, దానికి ఖరీదు ఉందని రాజ్యం ఒప్పుకుంది. అది చిన్న విషయం కాదు. ఆ 0.05ను ఏ లెక్కన తేల్చారో మాత్రం తెలుసుకోవాలనుంది. అందులో వడ్డీ ఉంది, సరే. మింగలేకపోయిన ముద్ద, నడిజాము బెల్లం, కరిగిన కండ, రక్తంలో పెరిగిన గ్లూకోజ్, వీటిని ఆ లెక్కలో ఎవరైనా కలిపారా?